సీసా మీద రెండు తేదీలు



ఆహ్వానపత్రిక మీద ఆయన పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా అచ్చువేశారు. మొన్న అది ఇంటికి వచ్చినప్పుడు, ఎవరిదబ్బా ఈ స్మారకోపన్యాసం అని ఒక్క క్షణం తెల్లమొహం వేశాను. ఇన్నేళ్ళ పరిచయంలో ఆ పేరుతో ఆయన్ను ఎవరైనా పిలవగా నేను వినలేదు. ఆస్పత్రి రికార్డుల్లో ఆయన ఫార్మసిస్టు, ఊరికి కాంపౌండరు గారు. ఈ గంటసేపూ నేనూ ఆ మాటే అంటాను. కుటుంబ సభ్యులు మన్నించాలి.

ఏ విషయం మాట్లాడాలన్నది వాళ్ళు నా ఇష్టానికే వదిలేశారు. లేజర్ల గురించి చెప్పమన్నారు కొందరు మిత్రులు, కృత్రిమ మేధ కంటివైద్యంలోకి ఎలా వస్తోందో చెప్పమన్నారు ఇంకొందరు. నేను మాత్రం అయిదు మిల్లీలీటర్ల సీసా ఒకటి జేబులో వేసుకుని వచ్చాను. కళ్ళు దురదపెడితే వేసుకునే చుక్కల మందు. మీ ఇళ్ళలో ఉన్న చుక్కల సీసాలన్నీ తెచ్చుకోండని నిర్వాహకుల చేత ముందే చెప్పించాను. చాలామంది తెచ్చారు. అవన్నీ ఆ పక్క బల్ల మీద ఉన్నాయి. సభ మొదలవకముందు వెళ్ళి కొన్ని లేబుళ్ళు చదివాను. వాటి సంగతికి తర్వాత వస్తాను.

ఈ ఊరి ప్రభుత్వాసుపత్రిలో కంటి డాక్టరుగా చేరిన మొదటి వారం. చుక్కల మందులు రాసి పంపిస్తున్నాను, పేషెంట్లు కిటికీ దగ్గరికి వెళ్ళి తీసుకుంటున్నారు. మధ్యాహ్నం ఓపీ అయిపోయాక కాంపౌండరు గారు లోపలికొచ్చారు. చేతిలో సెలైన్ నింపిన చిన్న ప్లాస్టిక్ సీసా. "సార్, ఏమీ అనుకోకపోతే ఒకసారి మీ కంట్లో మీరే ఒక చుక్క వేసుకుని చూపిస్తారా?" అన్నారు. ఎమ్మెస్ పాసై వచ్చినవాణ్ణి. నవ్వొచ్చింది. తల వెనక్కి వాల్చి వేసుకున్నాను. మొదటి చుక్క రెప్పవెంట్రుకల మీద పడింది. రెండోది బుగ్గ మీదుగా జారి చొక్కా కాలరు తడిపింది. పట్టుదలగా మూడోది వేయబోతే సీసా ముక్కు రెప్పకు తగిలింది. ఆయన ఏమీ అనలేదు. నా చేతిలోంచి సీసా తీసుకుని, "దీన్నిక పారేయాలి సార్" అని చెత్తబుట్టలో వేసి, "మనమే ఇలా వేసుకుంటే వాళ్ళు ఇంటికెళ్ళి ఎలా వేసుకుంటారో చూడండి మరి" అని వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి కిటికీ దగ్గర ఆయన చేసేది నిలబడి చూశాను. మందు చేతికిచ్చి పంపేవారు కాదు. ముందు చేతులు కడిగించేవారు. తల వెనక్కి వాల్చమని, కింది రెప్పను వేలితో మెల్లగా కిందికి లాగించేవారు. అలా లాగితే రెప్పకీ తెల్లగుడ్డుకీ మధ్య చిన్న సంచిలాంటి జాగా తెరుచుకుంటుంది. చూపు పైకి, సీసా కంటికి కాస్త ఎత్తులో. నల్లగుడ్డు మీద కాదు, ఆ సంచిలో, ఒకే ఒక్క చుక్క. తర్వాత అందరూ చేసే పని రెప్పలు టపటపా ఆడించడం, లేకపోతే గట్టిగా బిగించడం. రెండింటికీ ఆయన "ఊఁ" అని హుంకరించేవారు. నిద్రపోతున్నట్టు మెల్లగా కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలికొసతో రెండు నిమిషాలు అదిమి పట్టుకోవాలి.

ఎందుకు అదమాలో ఎవరూ అడగరు గానీ, జవాబు మాత్రం అందరి నాలుకకీ తెలుసు. చుక్క వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగులుతుంది కదా. కంటి మూల నుంచి ముక్కులోకి సన్నని కాలువ ఉంది. కన్నీళ్ళు పోయే దారి అది. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. కంట్లో వేసిన మందు కూడా ఆ దారినే ముక్కులోకి జారి, అక్కణ్ణుంచి రక్తంలో కలుస్తుంది. వేలితో ఆ తూము మూస్తే మందు కంట్లో నిలుస్తుంది, ఒంట్లోకి పోయేది తగ్గుతుంది.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. ఆ రెప్పసంచిలో పట్టేది ఎంత పొదుపుగా నింపినా ముప్ఫై మైక్రోలీటర్ల లోపే. సీసాలోంచి రాలే ఒక్క చుక్క ముప్ఫై నుంచి యాభై మైక్రోలీటర్లు. అంటే మొదటి చుక్కే పొంగిపోతోంది. దురద ఎక్కువగా ఉందని వెంటనే రెండోది, మూడోది వేసుకుంటే అది బుగ్గకు వైద్యం. రెండు రకాల మందులుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి. లేకపోతే వెనకది వచ్చి ముందుదాన్ని కడిగేస్తుంది. ఆయింట్‌మెంటు ఉంటే అది అన్నిటికన్నా చివర.

చంటిపిల్లలకూ మొండిపిల్లలకూ కాంపౌండరు గారి దగ్గర వేరే ఉపాయం ఉండేది. వెల్లకిలా పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనేవారు. ముక్కు పక్కన కంటి మూల గుంటలో ఒక చుక్క వేసి, "కళ్ళు తెరిస్తే కాకి కనపడుతుంది" అనేవారు. పిల్లవాడు కళ్ళు తెరిచేవాడు, చుక్క దానంతటదే లోపలికి జారేది. కాకి ఎక్కడని అడిగిన పిల్లలకు ఆయన జేబులో బెల్లపుచెక్క ఉండేది. చెయ్యి వణికే పెద్దవాళ్ళకు, సీసా పట్టిన చేతిని నుదుటి మీద ఆనించుకోమని చెప్పేవారు.

పిన్నీసు సంగతి చెప్పకపోతే ఆయన ఆత్మ శాంతించదు. చాలా చుక్కల సీసాల మూతలోపలే ఒక ములుకు ఉంటుంది. మూతను చివరిదాకా బిగిస్తే అదే కన్నం పొడుస్తుంది. అది తెలియక మన ఇళ్ళలో చీరకున్న పిన్నీసు తీసి పొడుస్తారు. కన్నం పెద్దదవుతుంది, చుక్క లావవుతుంది, వారం రావలసిన మందు మూడు రోజుల్లో అయిపోతుంది. పైగా ఆ పిన్నీసుకున్న మురికంతా సీసాలో దిగుతుంది.

మందు చెప్పడం అయ్యాక ఆయన చివరగా చేసే పని ఒకటుండేది. తెల్ల ప్లాస్టరు ముక్క చించి సీసాకు అంటించి, దాని మీద బాల్‌పెన్నుతో రెండు తేదీలు వేసేవారు. పైది సీసా తెరిచిన రోజు, కిందది ఆపేసే రోజు. చదువురానివాళ్ళకు కిందది ఏ పండగకో, ఏ సంతరోజుకో కలిపి చెప్పేవారు. "ఉగాది ముందు రోజుకి ఆపెయ్యాలి, మిగిలినా సరే." తెరిచిన సీసాను నెల దాటి వాడకూడదన్న నియమం ఎలాగూ ఉంది. ఆయన రెండో తేదీ దానికోసం మాత్రమే కాదు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ ఉపన్యాసమంతా ఆ ఆలస్యం గురించే.

ఇప్పుడు దురద దగ్గరికి వద్దాం.

ఈ ప్రాంతంలో మార్చి వచ్చిందంటే కంటి ఓపీలో మగపిల్లలు బారులు తీరతారు. అయిదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ లోపు. కళ్ళు బురదనీళ్ళ రంగులో ఉంటాయి, వెలుగు చూడలేరు, పొద్దున్నే లేస్తే తీగలు తీగలుగా పుసులు. పైరెప్ప తిప్పి చూస్తే లోపల నున్నగా ఉండాల్సిన చోట రాళ్ళు పరిచిన బాటలా బొడిపెలు. దీన్ని వర్నల్ కెరటోకంజంక్టివైటిస్ అంటారు, పొట్టిగా వీకేసీ. వర్నల్ అంటే వసంతకాలపు అని అర్థం. ఎక్కడో చల్లటి దేశంలో పెట్టిన పేరు. మనకు వసంతం పంచాంగంలోనే ఉంటుంది, కంటికి కనిపించేది ఎండే. వేడి, పొడిగాలి, దుమ్ము ఉన్న చోట ఇది కొందరికి ఏడాది పొడుగునా ఉంటుంది. చాలామందిలో యవ్వనం వచ్చేసరికి దానంతటదే తగ్గిపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తనంతట తాను పోయే జబ్బుకు వైద్యం చేస్తూ చూపు పోగొట్టుకోవడం అంటే ఏమిటో ఇంకాసేపట్లో చెప్తాను.

ఎర్రబడిన ప్రతి కన్నూ ఎలర్జీ కాదు. గుంటూరు మిర్చియార్డులో బస్తాల మధ్య నిలబడితే ఎవరికైనా కళ్ళు మండుతాయి, నీళ్ళు కారతాయి. అది ఘాటు, కంటికి తగిలిన దెబ్బ. మంచినీళ్ళతో కడిగి బయటికొస్తే సర్దుకుంటుంది. ఎలర్జీలో మంట కన్నా దురద ముందుంటుంది. పుప్పొడో, దుమ్ములో పురుగులో, వయ్యారిభామో, పక్కవాడికి ఏమీ చెయ్యని వస్తువును మన ఒళ్ళు శత్రువనుకుని చేసే రభస అది.

రభస చేసేవి మాస్ట్ కణాలు. 1878లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ విద్యార్థి తన సిద్ధాంతవ్యాసంలో వీటికి పేరు పెట్టాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే లోపలంతా గింజలు కుక్కినట్టు కనిపించాయి. బాగా మేసి బలిసిన కణాలనుకుని మేపు అనే అర్థమొచ్చే మాట తగిలించాడు. నిజానికి అవి మేతగింజలు కావు, మందుగుండు. గిట్టని పుప్పొడి తగలగానే అవి పగిలి హిస్టమిన్ చిమ్ముతాయి. దురద, ఎరుపు, వాపు, నీళ్ళు, అన్నీ దాని పనే. కన్ను నులిమితే ఆ రాపిడికి ఇంకొన్ని కణాలు పగులుతాయి. అందుకే నులిమిన కొద్దీ దురద పెరుగుతుంది. ఏళ్ళ తరబడి మెటికలతో నులిమిన పిల్లల్లో నల్లగుడ్డు మీది పారదర్శకపు పొర పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. దాన్ని కెరటోకోనస్ అంటారు. అద్దాలు ఎన్నిసార్లు మార్చినా చూపు కుదరని పిల్లవాణ్ణి, మీవాడు కళ్ళు నులుముతాడా అని అడగండి, తల్లి మొహం చూస్తే జవాబు దొరుకుతుంది.

దురదకు మొదటి మందు చన్నీళ్ళు. శుభ్రమైన గుడ్డ తడిపి మూసిన కళ్ళ మీద అయిదు నిమిషాలు ఉంచడం. మా అమ్మమ్మ నందివర్ధనం పూలు పెట్టేది. పూలలో మహిమ ఉందో లేదో గానీ చల్లదనం ఉంది. మూసిన కళ్ళ మీద పెట్టుకున్నంతసేపూ నాకు అభ్యంతరం లేదు. కంటి లోపల పోసే చనుబాలు, తేనె, ఉల్లిరసం, పన్నీరు, వీటికి మాత్రం చేతులెత్తి దణ్ణం పెడతాను, వద్దు. కన్నీటిని పోలిన చుక్కలు, అంటే లూబ్రికెంట్లు, పుప్పొడిని కడిగేస్తాయి. ఫ్రిజ్‌లో తలుపు అరలో పెట్టుకుని వాడితే ఇంకా హాయి.

అసలు ఎలర్జీ చుక్కలకు ఒక కథ ఉంది, నాకిష్టం కాబట్టి చెప్తాను. ఈజిప్టు ప్రాంతంలో ఖెల్లా అనే మొక్క గింజల్ని పాతకాలం నుంచీ వైద్యానికి వాడేవారు. దానిలోని పదార్థంలాంటి వాటిని తయారుచేస్తూ ఇంగ్లండులో రోజర్ ఆల్టూన్యాన్ అనే ఆర్మీనియన్ సంతతి వైద్యుడు ఉబ్బసానికి మందు వెతికాడు. ఉబ్బసం ఆయనకే ఉంది. గినీపందుల వెంట్రుకల నుంచి తీసిన ద్రవాన్ని తనే పీల్చి, ఆయాసం తెప్పించుకుని, కొత్త మందు ఏ మేరకు ఆపుతుందో తన ఊపిరితిత్తుల మీదే కొలిచాడు. ఏళ్ళ తరబడి అలా చేసి 1965లో సోడియం క్రోమోగ్లైకేట్‌ను పట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆయనా ఆయన అక్కలూ ఆర్థర్ రాన్సమ్ రాసిన ఒక ప్రసిద్ధ పిల్లల నవలలో పాత్రలయ్యారు కూడా. ఆ మందే తర్వాత కంటి చుక్కలుగా వచ్చింది. అది మాస్ట్ కణాన్ని పగలకుండా కాపలా కాస్తుంది. కాపలావాడు దొంగ రాకముందే ఉండాలి. ఈ మందును కూడా దురద సీజనుకు ముందే మొదలుపెట్టి, రోజుకు నాలుగుసార్లు, గుణం తెలియడానికి వారం రెండు వారాలు ఓపిక పట్టాలి. రెండు రోజులు వేసి పనిచెయ్యలేదని పారేసిన సీసాలు నాకు చాలా తెలుసు.

ఇప్పుడు ఎక్కువగా రాసేవి ఓలోపటడిన్, కీటోటిఫెన్, బెపోటాస్టిన్ లాంటివి. ఇవి కాపలా కాస్తూనే అప్పటికే చిందిన హిస్టమిన్‌ను కూడా అడ్డుకుంటాయి. నిమిషాల్లో హాయి తెలుస్తుంది, రోజుకు ఒకటి రెండుసార్లు చాలు. నా లెక్కలో కంటి ఎలర్జీకి నికరమైన చుక్కలు ఇవి. కళ్ళజోడు బదులు లెన్సులు పెట్టుకునే ఆడపిల్లలకు ఒక్క మాట. చుక్కల మందు పాడవకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్‌ను మెత్తటి లెన్సులు పీల్చుకుంటాయి. లెన్సు తీసి చుక్క వేసుకుని, పావుగంట ఆగి పెట్టుకోండి. కళ్ళు ఎర్రగా ఉన్న రోజుల్లో అసలు పెట్టుకోకపోతే మరీ మంచిది.

కళ్ళ ఎరుపును క్షణాల్లో పోగొట్టే చుక్కలు కొన్ని ఉన్నాయి. నాఫజొలిన్ లాంటివి. పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళూ, రాత్రి నిద్రలేనివాళ్ళూ వేసుకుంటారు. అవి రక్తనాళాలను బిగించి ఎరుపును దాస్తాయి, ఎలర్జీని ముట్టుకోవు. రోజూ వాడితే, మానగానే కళ్ళు మునుపటికంటే ఎర్రబడతాయి. ఇక మనిషి వదల్లేడు. ఆ సీసా పసిపిల్లలు నోట్లో పిండుకుంటే ప్రాణానికే ప్రమాదం, అందనిచోట పెట్టండి.

ఇక స్టీరాయిడ్లు.

1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతంతో మంచాన పడ్డ ఒక స్త్రీకి కార్టిసోన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకూ, మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. లోకమంతా ఆ మందు వెంట పడింది, కంటివైద్యులూ పడ్డారు. వాపు ఉన్న ఏ కంట్లో వేసినా మర్నాటికి తెల్లగా అయ్యేది. 1954లో బెల్జియంలో జూల్ ఫ్రాన్స్వా అనే వైద్యుడు కార్టిసోన్ చుక్కలు చాలాకాలం వాడినవారి కంట్లో ఒత్తిడి పెరగడం గమనించి రాశాడు. 1960ల మొదట్లో బెకర్, ఆర్మలీ అనే ఇద్దరు అమెరికాలో పరీక్షలు చేస్తే లెక్క తేలింది. స్టీరాయిడ్ చుక్కలు కొన్ని వారాలు వేస్తే సుమారు మూడోవంతు మందిలో కంటి ఒత్తిడి ఓ మోస్తరుగా పెరుగుతుంది, నూటికి అయిదుగురిలో మాత్రం విపరీతంగా. ఆ అయిదుగురు ఎవరో మొహం చూసి చెప్పలేం. కంట్లో నుంచి నీరు బయటికిపోయే జల్లెడ ఈ మందుకు పూడుకుపోతుంది. అలా పెరిగిన ఒత్తిడి కంటినరాన్ని నలిపేస్తే అది నీటికాసుల జబ్బు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పక్కచూపు ముందు పోతుంది, ఎదుటిచూపు ఆఖర్న పోతుంది. కాబట్టి పోయేదాకా తెలియదు. దీనికి తోడు శుక్లం కూడా వస్తుంది, పదిహేనేళ్ళ పిల్లలకు సైతం.

కాంపౌండరు గారు రిటైరైన ఏడాదే ఒక తల్లి తొమ్మిదేళ్ళ కొడుకును తీసుకొచ్చింది. కళ్ళు తెరవలేకపోతున్నాడు, పరీక్షలు దగ్గరపడ్డాయి. స్టీరాయిడ్ చుక్కలు రాశాను. రాయవలసిన కేసే, ఇప్పటికీ ఆ మాట మీద నిలబడతాను. మూడో రోజుకే వాడు బడికి వెళ్ళాడట.

నాలుగేళ్ళ తర్వాత ఆ తల్లే మళ్ళీ వచ్చింది. ఈసారి వాడు క్రికెట్‌లో పక్కనుంచి వచ్చే బంతిని చూడలేకపోతున్నాడు, గుమ్మాలకు గుద్దుకుంటున్నాడు. కంటి ఒత్తిడి ఇరవై ఒకటి లోపు ఉండాలి. వాడికి ఒక కంట్లో ముప్ఫై ఎనిమిది, ఇంకో కంట్లో ముప్ఫై నాలుగు. కంటినరం గిన్నెలా తోడేసి ఉంది. "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగాను. ఆవిడ సంచిలోంచి చీటీ తీసింది. లామినేషన్ చేయించిన చీటీ. పనిచేసిన మందు కదా, చిరిగిపోకూడదని జాగ్రత్త చేసుకుంది. ఏటా ఎండాకాలం రాగానే అది చూపించి షాపులో సీసా తెచ్చుకుంది, కొన్నాళ్ళకు చీటీ కూడా అడగడం మానేశారట. "దురద తగ్గుతోంది కదా అని వేశాను బాబూ," అంది.

చీటీ మీద దస్తూరి నాది. రోజుకు నాలుగుసార్లు అన్నది ఎవరికైనా అర్థమవుతుంది. ఒక వారం అన్నది కూడా రాశాను. పక్కన, ఇంగ్లీషులో, ఒక గీతా ఒక గిలుకూ. నేను కాబట్టి దాన్ని వారం అని చదవగలిగాను. కిటికీ దగ్గర ఆ గిలుకును తెలుగులోకి దించి సీసాకు అంటించే మనిషి ఆ ఏడాది లేడు. ఆయన ఉన్నన్నాళ్ళూ నా చీటీలు ఎంత అసంపూర్ణమైనవో నాకు తెలియనివ్వలేదు.

ఆ పిల్లవాడికి హైదరాబాదులో రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. ఒత్తిడి అదుపులోకి వచ్చింది. పోయిన పక్కచూపు రాలేదు, అది రాదు. ఇప్పుడు పెద్దవాడయ్యాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు, బండి మాత్రం నడపడు. వాడి ఎలర్జీ పదహారో ఏటికి తగ్గిపోయింది.

స్టీరాయిడును తిట్టడానికి ఇది చెప్పలేదు. వీకేసీ ముదిరి నల్లగుడ్డు మీద పుండు పడే పరిస్థితుల్లో అదే చూపు నిలబెడుతుంది. ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ లాంటివి ఒత్తిడి పెంచడంలో కాస్త సౌమ్యమైనవి. అలాగని అసలు పెంచవనుకోకూడదు. పదేపదే తిరగబెట్టే పిల్లలకు సైక్లోస్పోరిన్ చుక్కలు, టాక్రోలిమస్ ఆయింట్‌మెంటు ఉన్నాయి, స్టీరాయిడు అవసరం తగ్గుతుంది. స్టీరాయిడు రెండు వారాలు దాటితే కంటి ఒత్తిడి చూపించుకోవాలి. ఒక్కసారిగా కాక డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గిస్తూ ఆపాలి. పాలలా తెల్లగా ఉండే చుక్కలైతే వేసేముందు సీసా బాగా ఆడించాలి. లేకపోతే మొదట్లో వేసుకునేది నీళ్ళు, అడుగున మిగిలేది చిక్కటి మందు.

ఇంకో ప్రమాదం మన పొలాల్లో ఉంది. కోతలప్పుడో నూర్పిళ్ళప్పుడో వరి ఆకు కోసుకుంటుంది, వడ్ల పొట్టు కంట్లో పడుతుంది. ఆ గీతలోంచి బూజు దిగుతుంది. అస్పర్జిల్లస్, ఫ్యుసేరియం అనే శిలీంధ్రాలు. మన దక్షిణాదిలో నల్లగుడ్డు పుండ్లకు ఇవి పెద్ద కారణం. కన్ను ఎర్రబడిందని, ఇంట్లో పిల్లవాడి ఎలర్జీ సీసా ఉందని, అది వేస్తారు. అందులో స్టీరాయిడ్ ఉంటే ఒంటి కాపలా పడుకుంటుంది, బూజు పండగ చేసుకుంటుంది. విచిత్రమేమిటంటే మొదటి రెండు రోజులు ఎరుపు తగ్గుతుంది కూడా. ఆస్పత్రికి వచ్చేసరికి నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. ఒక కన్నే ఎర్రబడినా, దురద కాక నొప్పి ఉన్నా, వెలుగు చూడలేకపోయినా, చూపు మసకబారినా, అది ఎలర్జీయేనని మీరే తేల్చేసుకోకండి. ఏ చుక్కా వేయకుండా, అదే రోజు చూపించుకోండి.

స్టీరాయిడో కాదో తెలిసేదెలా? ఆ బల్ల మీది సీసాల దగ్గరికి ఇప్పుడు వస్తున్నాను. పెద్దక్షరాల్లో ఉన్న బ్రాండు పేరు చూడకండి, దాని కింద చీమల బారులాంటి అక్షరాలు చూడండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లూప్రెడ్నేట్, ఈ పేర్లలో ఏది ఉన్నా స్టీరాయిడే. యాంటీబయాటిక్‌తో కలిపి ఉన్నవి మరీ మోసం, "ఇన్‌ఫెక్షన్ చుక్కలు" అనుకుని వేసుకుంటారు. ఇవన్నీ చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందులు. హెచ్చరిక సీసా మీద ఉంటుంది, చదవడానికి భూతద్దం కావాలి. వివరంగా రాసిన కాగితం అట్టపెట్టెలో ఉంటుంది, అట్టపెట్టె షాపు మెట్లు దిగేలోపే చెత్తలో ఉంటుంది. ఇందాక చూసిన సీసాల్లో స్టీరాయిడువి ఉన్నాయి. మందు గడువు దాటినవి ఉన్నాయి. చెవిలో వేసే చుక్కల సీసా ఒకటి కంటి మందుల మధ్య కూర్చుని ఉంది. సూపర్ గ్లూ, పులిపిరుల మందు కూడా అచ్చం ఇలాంటి సీసాల్లోనే వస్తాయి. రాత్రిపూట కళ్ళజోడు లేకుండా తడుముకుని వేసుకునేవాళ్ళు, దయచేసి ఈ మూడింటినీ కంటి చుక్కలున్న డ్రాయరులో పెట్టకండి.

అమెరికాలో ఉన్న పిల్లలు కొందరు ఈ ఉపన్యాసాన్ని ఫోనుల్లో చూస్తున్నారని చెప్పారు. అక్కడ ఓలోపటడిన్ 2020 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది, స్టీరాయిడ్ చుక్కలు దొరకవు. సెలవులకొచ్చి వెళ్ళేటప్పుడు ఇక్కణ్ణుంచి డజను సీసాలు పెట్టెలో వేసుకుని వెళ్ళే అలవాటు గురించి ఒక్క మాట. చెన్నై ప్రాంతంలో తయారై అక్కడికి ఎగుమతైన, కన్నీటిని పోలిన చుక్కల వల్ల మందులకు లొంగని సూడోమొనాస్ బాక్టీరియా సోకిందని 2023లో తేలింది. అక్కడి 18 రాష్ట్రాల్లో 81 మందికి. నలుగురు చనిపోయారు, 14 మందికి చూపు పోయింది, నలుగురికి కనుగుడ్డు తీసేయాల్సి వచ్చింది. అవి ఎలర్జీ మందులు కూడా కావు, కళ్ళు పొడిబారితే వేసుకునే మామూలు చుక్కలు. పాడవకుండా కాపాడే రసాయనం కలపని మందును రోజుల తరబడి వాడే సీసాలో పోశారు. కాంపౌండరు గారికి ఈ వార్త చదివి వినిపించగలిగితే, సీసా ముక్కు రెప్పకు తగిలిందని ఆయన పారేసిన సెలైన్ సీసాను నాకు మళ్ళీ గుర్తుచేసేవారు.

ఉపన్యాసం ఇంతే. ఆ బల్ల దగ్గర ప్లాస్టరు చుట్ట, రెండు బాల్‌పెన్నులు, ఒక భూతద్దం పెట్టించాను. ఎవరి సీసా వాళ్ళు తీసుకోండి. ఎప్పుడు తెరిచారో గుర్తులేనివి ఆ కింద బుట్టలో వేసెయ్యండి. ఏ డాక్టరు, ఎన్నాళ్ళకు రాశారో తెలియనివి నా చేతికివ్వండి. కళ్ళజోడు మర్చిపోయినవాళ్ళకు అక్షరాలు నేను చదివిపెడతాను.